నడకకు తోడు

“కాస్త మెల్లగా,” అన్నాడు దర్జీ వెనకనుంచి.

ఆమె అడుగు తగ్గించింది. వీధి దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. వాన ఆగి చాలాసేపయినా రోడ్డు ఇంకా తడిగానే ఉంది. ఆ తడిలో దీపాలు తలకిందులుగా వేలాడుతుంటే వీధంతా ఎవరో ఉతికి పరిచిన పల్చటి గుడ్డలా అనిపించింది ఆమెకు. ఈ వేళప్పుడు ఏదీ నిజంలా ఉండదు. కొట్లూ, కిటికీలూ, ఎదురొచ్చే మనుషులూ నిద్రలో చూస్తున్నట్టు మెత్తగా కదిలిపోతుంటారు.

పళ్ళబండి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బేరం ఆపి చూశారు.

“మొగుడంటే అలా ఉండాలి. రోజూ దగ్గరుండి నడిపిస్తాడు,” అంది ఒకామె, వినబడాలనే.

దర్జీ తల వంచుకున్నాడు. ఆమె చిన్నగా నవ్వి ముందుకు నడిచింది.

ఆమెను అందరూ కాజాలమ్మ అంటారు. అతను మిషన్ మీద చొక్కాలు కుడుతుంటే, పక్కనే పీట మీద కూర్చుని కాజాలు తీసి గుండీలు కుట్టేది ఆమె. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇద్దరి బతుకూ కూర్చునే గడిచింది. తిండి కూడా ఆ గుడ్డపేలికల మధ్యనే. దాహమేస్తే లేవడానికి బద్ధకించి, నువ్వు లెమ్మంటే మీరు లెండని వంతులు వేసుకునేవాళ్ళు.

నిరుడు ఆ ఇంట్లోకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కొట్టు కొన్నాళ్ళు మూతపడింది. ఆస్పత్రిలో ఆ వార్డు ముందు బల్ల మీద ఇద్దరూ కూర్చుని ఉండగా గుండీలమ్మే అవ్వ చూసింది. వాళ్ళు ఇల్లు చేరేసరికే సంగతి వీధంతా పాకిపోయింది. కాజాలమ్మ నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పుకోవలసిన పని లేకపోయింది. వచ్చినవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత, “నీ జుట్టు ఎంత తొందరగా వచ్చేసిందే,” అని మురిసిపోయారు కూడా. దర్జీ తన బట్టతల నిమురుకుంటూ, “నా నెత్తికి ఆ అదృష్టం లేదు,” అని వాళ్ళను నవ్వించేవాడు.

వైద్యం పూర్తయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. “గడ్డ బెడద తీరింది. ఇక చూసుకోవలసింది గుండెను. ఆ మందులూ, కరెంటు పెట్టడమూ దాన్ని నీరసపరిచాయి. దానికి తోడు రోజంతా కూర్చునే పని. లేచి నడవకపోతే, క్యాన్సర్ వదిలినా గుండె వదలదు.”

మొదట్లో నడక సాగలేదు. అలవాటు లేని ఒళ్ళు. పైగా ఊరికే వీధెమ్మట తిరుగుతుంటే ఎందుకని అడుగుతారేమోనన్న బిడియం. చివరికి కలిసి బయల్దేరారు. సంగతి అందరికీ తెలిసిందే అనుకున్నారు గనక ఎవరూ ఏమీ అడగలేదు.

అలా సాయంత్రాలు తీపెక్కాయి. ఎదురొచ్చే మనిషి మొహం కన్నా చొక్కానే ముందు పోల్చుకునేవాడు దర్జీ. “అదిగో మనది. కాలర్ నాది, గుండీలు నీవి,” అనేవాడు. తాము కుట్టిన చొక్కాలన్నీ తమను దాటుకుని మసకచీకట్లోకి తేలిపోతుంటే, తామిద్దరూ ఏ నేలమీదా లేనట్టుండేది ఆమెకు. భయం మాత్రం ఒక్కటే. ఈ నడక ఆగిపోతే, ఇంత కష్టపడి దక్కించుకున్న ప్రాణం కుర్చీలోనే జారిపోతుందని.

అంతలో వదిన వచ్చింది. దర్జీకి అక్క. తల్లి లేని తమ్ముణ్ణి, మగపిల్లాడివి ఏడవకూడదంటూ పెంచి పెద్దచేసిన మనిషి. బడులు తెరిచే రోజులు కావడంతో కొట్టు నిండా కుట్టని యూనిఫారాల గుట్టలు చూసి నడుం బిగించింది. ఇకమీదట మరదల్ని తను నడిపిస్తానని, తమ్ముడు కదలకుండా కూర్చుని పని చూసుకోవాలని తీర్మానించింది. మనసు మంచిది, మాట పెళుసు. కాజాలమ్మ నసిగింది గానీ ఆవిడ చెవిన పెట్టలేదు.

ఆ సాయంత్రం వదిన వెంట నడిచింది. వదిన కబుర్ల మధ్య వీధి ఉత్త వీధిగా, బురదగా మిగిలింది. తిరిగొచ్చేసరికి అతను అదే కుర్చీలో, అదే వంపులో ఉన్నాడు. మర్నాడూ అంతే. మూడోనాడు ఆమె చెప్పులు వేసుకుని కూడా గడప దగ్గరే నిలబడిపోయింది.

“మీరు రాకపోతే నేను కదలను,” అంది భర్తతో.

“గంటసేపు మొగుణ్ణి వదిలి ఉండలేవా?” వదిన నవ్వింది మొదట.

“ఉండలేను వదినా. ఆయన రావాలి.”

వదిన నవ్వు పోయింది. ఎప్పటికీ ఇలాగే వాడి మెడకు వేలాడతావా అంది. జబ్బు నీది, చాకిరీ వాడిది అంది. వీడి రెక్కలు విరుగుతుంటే షికార్లా అని కూడా అంది.

కాజాలమ్మ గుమ్మం పట్టుకుని, అతనివైపే చూస్తూ నిలబడింది. బయట దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలుగుతున్నాయి.

“చెప్పు తమ్ముడూ, దీని పట్టుదల ఎన్నాళ్ళు భరిస్తావు?”

మిషన్ చక్రం ఆగింది. దర్జీ బల్ల అంచు పట్టుకుని లేచాడు. ఊపిరి కూడదీసుకున్నాడు. వద్దన్నట్టు భార్య తల ఊపుతున్నా, ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“ఆ క్యాన్సర్ వచ్చింది నాకక్కా,” అన్నాడు.