డేగకళ్ళ మామయ్య

"ఏం కనిపిస్తోంది అల్లుడుగారూ?"

"నీళ్ళు, మామయ్యా."

"ఆహా! నీళ్ళల్లో నీళ్ళు కనిపెట్టారు. మా అమ్మాయి ఎంత అదృష్టవంతురాలో!"

మోకాలి లోతు నీళ్ళలో బల్లెం పట్టుకుని నిలబడ్డ అల్లుడు పళ్ళు నూరుకున్నాడు. గడియారాల కొట్టు మూతపడి అత్తారింటికి చేరినవాడు పడక తప్పుతుందా? మామయ్యేమో పేరుమోసిన మనిషి. వల ముట్టడు, గాలం వెయ్యడు. నీళ్ళలో చేపను చూసి పొడుస్తాడంతే. ఊళ్ళో అందరూ 'డేగకళ్ళు' అంటారు. అల్లుణ్ణి తిట్టేటప్పుడు కూడా 'గారూ' వదలని మర్యాదస్తుడు.

ముప్పై ఏళ్ళుగా పడవ ముందు ఆయన నిలబడితే, వెనక అత్తయ్య తెడ్డు వేసేది. ఊరికే వెయ్యదు, ఏదో గొణుగుతూనే ఉండేది. ఆ నస ఎలా భరిస్తున్నాడో పాపం అని ఊరు జాలిపడేది. ఈమధ్య ఆవిడ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అక్కడి కట్టుబాటు ఒకటుంది. పది రోజులు పడవ రాకపోతే ఆ ఇంటివాళ్ళు చేపలు పట్టే తావు ఇంకొకరిది. ఇవాళ తొమ్మిదో రోజు.

"తెడ్డు నేను వేస్తాగా మామయ్యా. చేపల్ని ఎలాగూ మీరు చూస్తారు."

"తెడ్డు గేదె కూడా వేస్తుంది. మీరు చూడ్డం నేర్చుకోండి. చేపను వెతక్కండి, అది నీళ్ళ రంగులో కలిసిపోతుంది. ఇసుక మీద దాని నీడను వెతకండి. నల్లగా ఏదైనా కదిలిందా?"

"కదిలింది! కుడి పక్క!"

"ఎంత దూరం? తల ఎటుంది?"

"మీకూ కనిపిస్తోందిగా?"

"పరీక్ష పెట్టేది నేనా, మీరా?"

అల్లుడు పొడిచాడు. చేప తుర్రుమంది.

"కనిపించిన చోటే పొడిచారా? శభాష్! నీళ్ళు అబద్ధాలాడతాయండీ. కనిపించినదానికి కాస్త కిందికి పొడవాలి."

ఇంత జరుగుతున్నా మామయ్య అల్లుడి భుజం మీంచి చెయ్యి తియ్యలేదు. పారిపోతానని అనుమానం కాబోలు అనుకున్నాడు అల్లుడు.

మధ్యాహ్నం అత్తయ్య మంచం దగ్గర కూలబడ్డాడు. "నా వల్ల కాదత్తయ్యా. అంత చూపున్న మనిషికి నేనెందుకు?"

ఆవిడ పకపకా నవ్వింది. "ఆయన మాటలు పట్టించుకోకు బాబూ. అడిగినదానికల్లా జవాబు చెప్పు, చాలు. ముప్పై ఏళ్ళు నేను పడలేదూ?"

పదో రోజు పొద్దున్నే పక్కింటివాళ్ళ పడవ వచ్చి తావు పక్కనే కాచుకుంది. "ఏం డేగగారూ, ఇంకా గూట్లోనేనా?" అని అరిచాడొకడు. మామయ్యతో ఒడ్డు పక్క నీళ్ళలో నిలబడ్డ అల్లుడు బల్లెం గట్టిగా పట్టుకున్నాడు. తావు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కళ్ళు చికిలించి ఇసుకనే చూశాడు.

"మామయ్యా! ఎడమవైపు నీడ! రెండు బారల దూరం, తల మనవైపే."

మొదటిసారి మామయ్య వెటకారం మానేశాడు. "కదలకండి. మీ నీడ దానిమీద పడితే పోతుంది. దగ్గరికి రానిచ్చి, పొట్ట కిందికి పొడవండి."

బల్లెం దిగింది. కొట్టుకుంటున్న చేపను అల్లుడు పైకెత్తాడు.

"చూడండి మామయ్యా! మూరెడుంది!"

"పడిందా?" అన్నాడు మామయ్య, నీళ్ళవైపే ముఖం పెట్టి.

"మీ ముక్కు ముందే ఉంది! ఇప్పుడు కూడా వెటకారమేనా?" అల్లుడికి ఉక్రోషం ముంచుకొచ్చింది.

మామయ్య చెయ్యి అల్లుడి భుజం మీంచి మోచేతికి, అక్కణ్ణించి బల్లేనికి, తడుముకుంటూ చేప దాకా వెళ్ళింది. దాని మొప్పలు తాకాక అక్కడ ఆగింది.

"పద నాయనా, పడవ తీద్దాం. మీ అత్తయ్య చోట్లో నువ్వు కూర్చో."

"నేను తెడ్డు వెయ్యాలా?"

"తెడ్డూ వెయ్యి. కానీ ఇన్నాళ్ళూ చేపల్ని చూసింది ఆవిడేరా."