ఓనరుగారి మనిషి

"సార్, మీరు పంపిన పండుమిరపకాయలు పచ్చడి పట్టానండీ. మా ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు," అంది ఫెబా ఫోనులో.

ప్రసన్నకుమార్‌కు ఏమీ అర్థం కాలేదు.

ఆయన నంద్యాలలో కాలేజీ లెక్చరరు. లోను పెట్టి ఒంగోలులో కట్టించుకున్న ఇంటిని ఫెబా దంపతులకు అద్దెకిచ్చాడు. అంత దూరం నుంచి చూసుకోలేక, ఇంటి బాగోగులు చూసే మేనేజరును పెట్టుకోవాలా వద్దా అని కొన్నాళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాడు. ఆ మాట చెబుదామనే ఫోను చేశాడు.

"నేను మిరపకాయలు పంపలేదే అమ్మా!"

"అదేంటండీ! మీరు పెట్టిన పెద్దాయనే తెచ్చిచ్చారుగా, ఓనరుగారు ఇమ్మన్నారని."

"నేనెవర్నీ పెట్టలేదు!"



"వారంలో రెండు మూడుసార్లు వస్తారు కదండీ? కుళాయి బాగుచేశారు. మెట్ల మీద పాచి గీకారు. పాపను కాసేపు ఎత్తుకుని వెళ్ళిపోతారు. ఆదివారం మాత్రం రారు. చర్చికి పోతారేమో అనుకున్నా, చూస్తే నుదుటన బొట్టు!" నవ్వబోయి ఆగిపోయింది ఫెబా. "మరి ఆయనెవరండీ?"



ఆ మొగుడూ పెళ్ళాలది రెండు మతాల పెళ్ళి. ఫెబా భర్త చైతన్యకృష్ణది అద్దంకి దగ్గర మిరప పండించే కుటుంబం. పెళ్ళితో రెండు వైపులా రాకపోకలు తెగిపోయాయి. అతను ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీకి బస్సెక్కితే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. పగలంతా ఇంట్లో ఫెబా, ఏడాది నిండని పాప.

ఆ ఇంట్లోకి ఎవడో తన పేరు చెప్పుకుని వస్తున్నాడు.

"గేటుకు తాళం వేసుకో తల్లీ. ఇల్లు చూసుకోవడానికి ఎవర్నన్నా పెట్టే మాట చెబుదామని ఫోను చేశా, అది తర్వాత. నేనొస్తున్నా," అన్నాడు.

తర్వాత, అద్దె ఇళ్ళ బాగోగులు చూసే ఆఫీసు నడుపుతున్న మార్క్‌కు ఫోను చేశాడు.

"ఇంకా ఆలోచిస్తారేంటి సార్!" అన్నాడు మార్క్. "వాడు రెక్కీ చేస్తున్నాడేమో. ఇలాంటి పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళకి ఏం జరుగుతోందో పేపర్లో చూడట్లా? రేపు ఆ పిల్లలకేమన్నా అయితే తిరిగి తిరిగి మీ మెడకే చుట్టుకుంటది."

మర్నాడు ప్రసన్నకుమార్ సెలవు పెట్టి ఒంగోలు వెళ్ళాడు.

గేటు బయట ముసలాయన. లోపల తాళమేసుకుని ఫెబా. ఆమె చంకలోంచి పాప అతనివైపు చేతులు చాస్తోంది.

"ఎవరండీ మీరు? నా పేరు చెప్పి ఎందుకొస్తున్నారు?"

ముసలాయన బెదరలేదు. "మీరేనా బాబూ ఓనరుగారు? ఇల్లు బాగా కట్టించారు. ఆ దక్షిణపు గోడకు చెమ్మెక్కుతోంది, చూసుకోండి."

"గోడ సంగతి తర్వాత. మీ పేరేంటి? ఏ ఊరు?"

అతను ఫెబా వంక చూశాడు. ప్రసన్నకుమార్‌ను చెయ్యి పట్టుకుని వీధిలో కాస్త దూరం నడిపించాడు.

"మీరు ఎవర్నో పెట్టుకుంటున్నారటగా, ఇప్పుడే అమ్మాయి చెప్పింది. ఆ పనికి నన్నే పెట్టుకోండి బాబూ. జీతమొద్దు."

"జీతమొద్దనే మనిషిని ఎట్లా నమ్మమంటారు?"

"నిజమే. నేనైనా నమ్మను," నవ్వాడు ముసలాయన. అంతలోనే గొంతు తగ్గించాడు. "నేనెవరో చెబితే ఆ పిల్లల దగ్గర దాచిపెడతారా?"

"దాచలేను. ఇల్లు నాదైనా అందులో ఉండేది వాళ్ళు. చెప్పి తీరాలి."



"అయితే వద్దులెండి," అని ముసలాయన కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వెనక్కి పిలుద్దామనిపించింది ప్రసన్నకుమార్‌కు. పిలిచి ఏమడగాలో తెలియలేదు. మంచివాడే అయితే పేరు చెప్పడానికి భయమెందుకు? చెడ్డవాడైతే తాను చేయగలిగిందేముంది? సాయంత్రం ఆ తల్లీబిడ్డల్ని వదిలేసి నంద్యాల బస్సెక్కాల్సినవాడు.

ఆ మధ్యాహ్నమే ఇంటిని మార్క్‌కు అప్పగించాడు. ఈ సంగతి ఫోనులో వింటూ చైతన్యకృష్ణ, "మంచి పని చేశారు సార్. డ్యూటీలో ఉన్నా నాకు గుండె ఇంటి దగ్గరే ఉంటది," అన్నాడు.

కొన్నాళ్ళకు మార్క్ చెప్పాడు: "ఆ ముసలాడు ఎదురుగా కిళ్ళీకొట్టు దగ్గర కూర్చుంటున్నాడు సార్. ఒగరుస్తున్నాడు కూడా. మావాళ్ళు గట్టిగా గదమాయించారు."

"మరీ గట్టిగా వద్దు మార్క్, పెద్దవాడు."

"మీరలా మెత్తగా ఉంటే ఎట్లా సార్!"

ఆ పైవారం మళ్ళీ చెప్పాడు. "ఇక రావట్లేదు. చూశారా!"

ప్రసన్నకుమార్ హాయిగా ఊపిరి తీసుకుందామనుకున్నాడు. ఎందుకో వల్ల కాలేదు.

మిరప కోతలు అయిపోతున్న రోజుల్లో ఫెబా ఫోను చేసింది. వెనక డప్పులు, ఆడవాళ్ళ ఏడుపులు.

"ఏమ్మా, ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?"

"ఇంట్లో లేమండీ. మా మామగారు పోయారంటే అత్తగారి ఊరొచ్చాం. మా ఆయన వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకుని లేవట్లేదు. పంతం పట్టి మాట్లాడకపోతిని, ఒక్కసారన్నా నా బిడ్డను చూడకుండానే పోయావా నాన్నా అని ఒకటే ఏడుపు."

ఆమె పక్కకు జరిగినట్టుంది, డప్పుల మోత తగ్గింది.

"మా ఆయనకు ఎట్లా చెప్పాలో మీరే చెప్పండి సార్. మామగారి ఫొటో కూడా నేనేనాడూ చూసి ఎరగను. ఇప్పుడే ఆయన మొహం చూశా. ఐసుపెట్టెలో ఉన్నది మనం గేటు దగ్గర ఆపేసిన పెద్దాయనే."