సంఘం శరణం

ఆదివారం పొద్దున్నే నున్నటి గుండుతో గదిలోంచి బయటికొచ్చిన కొడుకును చూసి మరియమ్మ బైబిల్ సంచీ సోఫాలో పడేసింది.

"తిరుపతి వెళ్ళొచ్చావా ఏంట్రా?"

"లేదమ్మా. సంఘంలో చేరదామనుకుంటున్నా," అన్నాడు కిరణ్ పాల్.

"పుట్టినప్పట్నుంచీ సంఘంలోనే ఉన్నావు కదరా. చర్చికి టైమవుతోంది, టోపీ పెట్టుకో."

"ఆ సంఘం కాదు. బుద్ధుడి సంఘం. సన్యాసం పుచ్చుకుంటా."

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కుర్రాడికి సన్యాసం మీదికి గాలి మళ్ళిందంటే నమ్మడం కష్టమే. నిజానికి మళ్ళలేదు. అతని మనసంతా అదే ఆఫీసులో పనిచేసే జ్యోత్స్న మీదుంది. జ్యోత్స్న హిందువుల పిల్ల. తల్లేమో కోడలంటూ వస్తే మన సంఘంలోంచే రావాలని భీష్మించుకుంది. సన్యాసుల్లో కలుస్తానని బెదరగొడితే, ఏ పిల్లయినా సరే, పెళ్ళి చేసుకుంటే చాలురా నాయనా అంటుందని కిరణ్ ఎత్తు. అందుకోసం ప్రాణప్రదమైన జుట్టు వదులుకున్నాడు. ఆ జుట్టు దువ్వుకోవడంలోనే ప్రతి ఆదివారం చర్చికి ఆలస్యమయ్యేవాడు.

మరియమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఇప్పుడెక్కడికి బయల్దేరావని మాత్రం అడిగింది. ఫణిగిరికి, పాత బౌద్ధ స్తూపం ఉన్న గుట్టకి అని చెప్పాడు. జ్యోత్స్నది ఆ ఊరేనని చెప్పలేదు.

"పద, నేనూ వస్తా," అంది మరియమ్మ, చర్చికి కట్టుకున్న చీరతోనే.

ఎత్తు పారినట్టేననుకున్నాడు కిరణ్.

లింగంపల్లి నుంచి ఉప్పల్‌కి ఒక బస్సు, ఉప్పల్‌లో తొర్రూరు బస్సు, తిరుమలగిరిలో ఇంకోటి. మరియమ్మ ప్రతి బస్సులోనూ ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని, కిటికీ పక్కన హాయిగా కూర్చుంది. కిరణ్ డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని నిలబడ్డాడు. చివరి బస్సులో ఒకావిడ అతని గుండు చూసి, తిరుపతి పోయొస్తున్నరా, లడ్డు ప్రసాదం జరంత పెట్టమని అడిగింది. మరియమ్మ సంచీలోంచి రెండు బిస్కెట్లు తీసి ఆమె చేతిలో పెట్టింది.

గుట్ట ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. పైన ఇటుకల స్తూపం, వరుసగా నిలబడ్డ రాతి స్తంభాలు, మాడు పగిలే ఎండ. ముందే అనుకున్న ప్రకారం జ్యోత్స్న నీళ్ళ సీసాతో అనుకోకుండా ఎదురైంది. గుండు చూసి నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది.

"ఎండల వచ్చిండ్రు ఆంటీ. మా ఇల్లు గీ గుట్ట కిందనే. జర అన్నం తిని పోండ్రి," అంది.

మరియమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. సీసా అందుకుని గటగటా తాగి, పదమ్మా అంది.

విస్తళ్ళ ముందు కూర్చున్నాక మరియమ్మ ఆగలేదు. జ్యోత్స్న తల్లి సత్తెమ్మ పప్పు వడ్డిస్తుంటే, మీ అమ్మాయిని మా వాడికిస్తారా అని సూటిగా అడిగేసింది. కిరణ్‌కు పొలమారింది.

సత్తెమ్మ గరిటె పట్టుకునే అతన్ని చూసింది. "పిలగాడు మంచిగనే ఉన్నడు గని, గా గుండేంది వదినా?"

"పెరుగుతుందిలే వదినా," అంది మరియమ్మ.

తిరుగు బస్సులో తల్లి పక్కనే సీటు దొరికింది. కిరణ్‌కు సంతోషంతో పాటు కొంచెం సిగ్గు కూడా వేసింది, కన్నతల్లిని మోసం చేశానే అని.

"సన్యాసం అనేసరికి అంత భయపడ్డావా అమ్మా?" అన్నాడు మెల్లిగా.

"భయమెందుకు? హుస్సేన్ సాగర్‌లో బుద్ధుణ్ణి చూడలేదట్రా? ఆయనకే తలనిండా ఉంగరాల జుట్టు." మరియమ్మ నవ్వుతూ అతని గుండు నిమిరింది. "దేవుడి కోసం ఒక్క ఆదివారమైనా దువ్వెన దించనివాడివి, గుండు కొట్టించుకున్నావంటే పిల్ల కోసమేనని పొద్దున్నే తెలిసిందిరా. ఆ పిల్లెవరో చూద్దామనే బస్సెక్కా."