సున్నం పెట్టని రాయి

"ఇంజినీరయ్యా, ఒక మాట చెప్పిపోదామని వస్తిని."

చిదంబరం తలెత్తాడు. మిల్లు గేటు దగ్గర ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు.

"పని కావాలంటే మేస్త్రీని అడుగు."

"పని కాదయ్యా. మీరు దిగబోయే కాలువ గురించి."

కోయంబత్తూరులో ఆ మిల్లు కట్టి ముప్పయ్యేళ్ళయింది. వాననీరు పోవడానికి దాని కింద సొరంగంలాంటి రాతి కాలువ ఉంది. నిరుడు ఐప్పసి నెల వానలకు నీళ్ళు ఎదురుతన్ని దూది గోడౌను మునిగింది. కాలువ ఎక్కడ పూడిందో చూడమని చిదంబరాన్ని పిలిపించారు.

"పెరియవరే, పెద్దాయనవని చెప్తా ఉండా, నా కాడ ప్లాను ఉండాది."

"ప్లానులో లేంది ఒకటి ఉండాదయ్యా."

చిదంబరానికి చిరాకేసింది. చదువుకున్నవాడికి ఉచిత సలహాలిచ్చేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారని అతని అభిప్రాయం.

"ఆరోగ్యసామీ, ఈయన్ని బయటికి పంపు" అని వాచ్‌మన్‌కి చెప్పాడు.

ముసలాయన ప్రహరీ చుట్టూ తిరిగి వెళ్ళి, కాలువ బయటపడే చోట గట్టు మీద కూర్చున్నాడు.

చిదంబరం టార్చి పట్టుకుని ఎగువ నుంచి కాలువలోకి దిగాడు. నడుం వంచితే గాని నడవలేని ఎత్తు.

నూరడుగులు పోయాక వెనక హోరు వినిపించింది.

కొండ దిక్కున ఎక్కడో వాన పడింది. వరద మిల్లు చెత్తదూదిని కూడా తోసుకుంటూ వచ్చేసింది. దానికి ఎదురు నడవడం ఎవరి తరమూ కాదు. చిదంబరం ముందుకు పరుగెత్తాడు.

చివర్న ఇనప కమ్మీలు. నూలు దొంగలు దూరకుండా మిల్లువాళ్ళే బిగించారు. ఎంత ఊపినా కదల్లేదు.

చెత్తదూది కమ్మీలకు చుట్టుకుంది. నీళ్ళు మోకాళ్ళు దాటి నడుముకొచ్చాయి. టార్చి ఆరిపోయింది.

"అయ్యా, నా మాట వినండి." కమ్మీల అవతల ముసలాయన గొంతు.

"కమ్మీలు పీకించు, పెరియవరే."

"దానికి టైము లేదు. ఎడమచేతి గోడ తడుముకుంటా పదడుగులు వెనక్కి పోండి. రొమ్మెత్తున ఒక రాయికి చుట్టూ సందుల్లో సున్నం ఉండదు. దాన్ని తోయండి."

చిదంబరం తడిమాడు. ఒక రాయి, ఇంకో రాయి. అన్నిటికీ సున్నం ఉంది.

నీళ్ళు గడ్డాన్ని తాకాయి. పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు వేళ్ళు ఒక సందులోకి దిగాయి.

భుజం ఆనించి తోశాడు. రాయి అవతలికి పడిపోయింది. దాని వెనక పైకెక్కే మట్టి బొక్క, ఒక మనిషి పట్టేంత ఉంది. పాక్కుంటూ పోయి ఎవరిదో పత్తిచేలో తేలాడు.

ఒళ్ళంతా బురదతో గట్టు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ఆరోగ్యసామి ఒక్కడే ఉన్నాడు.

"ఆయనెక్కడ?"

"మీరు చేలో లేచింది చూసి పోయెనయ్యా. బోడి బస్సుకు టైమాయెనంట."

"బోడినాయకనూరా? అంత దూరం నుంచి ఎందుకొచ్చినాడు?"

"కాలువలోకి ఎవరో దిగతారని తెలిసెనంట. ఆ రాయి సంగతి చెప్పను వచ్చె."

చిదంబరానికి సిగ్గుతో తల వాలిపోయింది.

"ఆ రాయి సంగతి ఆయనకెట్లా తెలుసు?"

"ఆయన పేరు కాళి. ఈ కాలువ తవ్వేటప్పుడు మట్టి విరిగిపడి ఏడుమంది లోపల చిక్కుకునిరయ్యా" అన్నాడు ఆరోగ్యసామి. "రెండు దినాలు గడ్డపారతో పైకి తవ్వుకుని బతికి వచ్చింది ఆయనొక్కడే, ఆ బొక్క మూసెయ్యమని మిల్లోళ్ళు ఆయనకే చెప్తే, రాయి పెట్టె గానీ సున్నం పెట్టలేదు."