‘సూ’ గుర్తులు

"ప్రభుత్వం పుస్తకాల్లో గీయమని ఎవడు చెప్పాడు నీకు?"

లైబ్రేరియన్ ఉమాపతి కేకకి శ్రీకాకుళం గ్రంథాలయంలో పేపరు చదువుకుంటున్న నలుగురూ తలలెత్తారు.

మాసిన పంచె కట్టుకున్న ముసలాయన పెన్సిలు దాచుకోలేదు.

"గీతలు కాదు బాబూ. దార్లు."

ఉమాపతికి ఒళ్లు మండిపోయింది. వచ్చే వారమే ఇన్‌స్పెక్షన్. పుస్తకాలు శుభ్రంగా ఉంటేనే తన ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఈ మహానుభావుడు నెల రోజులుగా బీరువాలకి బీరువాలు ఖరాబు చేస్తున్నాడు.

ఉమాపతి నాగళ్ల గురించిన పుస్తకం ఒకటి తెరిచాడు. అంచున ‘సూ. 212-46’ అని ఉంది.

"‘చూడు’కి ‘చూ’ అని రాయడం కూడా రాదు. సూ అట."

పేపరు పాఠకులు కిసుక్కున నవ్వారు.

"మనోళ్లందరికీ తెలవాలనే అలగ రాసినాను. 212వ పుస్తకం, 46వ పేజీ సూడమని. నాగలి గురించి సదూతుంటే దాని బొమ్మ కాడికి, దుక్కిపాట ఉన్న గ్రామఫోను ప్లేటు కాడికి ఇట్టే ఎల్లిపోవాల. ఇంకొక్క బీరువాయే ఉండిపోనాది. పది రోజులియ్యి సాలు."

"పది నిమిషాలు కూడా ఇవ్వను. మళ్లీ గుమ్మం తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను. నడు."

ముసలాయన దగ్గుకుంటూ మెట్లు దిగాడు.

వారమంతా ఉమాపతి రబ్బరు పట్టుకు కూర్చున్నాడు. పేజీకో తిట్టు తిడుతూ అన్నీ తుడిచేశాడు. ఉద్యోగం పర్మనెంటయింది.

రెండు నెలలకి, కలకత్తా నుంచి గణపతిరావనే ఇంజనీరు కెమెరాతో దిగాడు.

"అప్పలసూరిగారు పెన్సిలుతో గుర్తులు పెడుతున్నానని ఉత్తరంలో రాసిన పుస్తకాలండి. ఫొటోలు తీసుకోవాలి."

"ఆ పిచ్చిగీతలతో మీకేం పని?"

"మాటనీ బొమ్మనీ పాటనీ ముడివేసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి చెయ్యడమండి అది. మూడేళ్ల కిందట, అరవై అయిదులో, అమెరికాలో ఒకాయన దానికి హైపర్‌మీడియా అని పేరు పెట్టాడు. కంప్యూటరు మీద చెయ్యడానికి వాళ్లింకా కుస్తీ పడుతున్నారు. ఈయన పెన్సిలుతో చేసేశారు."

గణపతిరావే వెళ్లి నాగళ్ల పుస్తకం తీశాడు. అంచులు తెల్లగా ఉన్నాయి. ఇంకోటి తీశాడు. ఇంకోటి.

ఉమాపతి బల్ల మీది రబ్బరుని సొరుగులోకి తోసేశాడు.

"ఆయన్నడిగితే మళ్లీ రాసిపెడతారేమో."

"పోయిన నెల పోయారండి. క్షయ."

ఉమాపతికి ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

"ఇంతకీ ఆయనెవరండీ?"

గణపతిరావు పుస్తకం మూశాడు.

"రోగం ముదిరిందని డాక్టర్లు చెప్పాక, మిగిలిన రోజులు తన ఊరి లైబ్రరీకిస్తానని కలకత్తాలో ఉద్యోగం వదిలేసి వచ్చిన, మా అందరికీ కంప్యూటరు నేర్పిన మేస్టారండి."