సంచిలో ఎండుచేప

ఆ రోజు నవంబరు తొమ్మిది. దోసిక్ ఇంట్లో అందరూ సోయా మొలకల చారులో అన్నం వేసుకుని తిని బయలుదేరారు.

బుచ్యోన్‌లోని పాత బండ్ల బజారుకు ఇంకోసారి.

తల్లి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చక్రాల కుర్చీని చూడగానే టాక్సీలు ఆగకుండా పోతున్నాయి. చేతిలో ఉన్న డబ్బుకు వచ్చే బండ్లలో ఆవిడ ఎక్కగలిగేది ఒక్కటీ దొరకలేదు.

ఇవాళ ఒకటి కనిపించింది. బూడిదరంగు వ్యాను. పక్కకు జరిగే తలుపు, ఆసరాకు గుడ్డ చుట్టిన పిడి.

కానీ డ్రైవరు సీట్లో ఎవరో ముసలాయన ఉన్నాడు. వెనకసీటు కనపడేలా అద్దం తిప్పుకుంటున్నాడు. ఒళ్లో సంచి. అందులోంచి ఎండుచేప తోక, బియ్యపు కల్లు సీసా మూత బయటికి కనిపిస్తున్నాయి.

ఆయన పొద్దుటి నుంచి దిగలేదనీ, బయానా ముందు ఎవరిస్తే బండి వారిదేననీ అమ్మకందారు చెప్పాడు.

తిరిగి తిరిగి అలసిన దోసిక్‌కు ఒళ్లు మండింది.

"సీసా, నంజుకోడానికి చేప. అన్నీ సర్దుకునే వచ్చావు పెద్దాయనా. తాగడానికి ఇంకో చోటే దొరకలేదా?"

భార్య ఓక్‌హి మోచేత్తో పొడిచింది.

ముసలాయన చక్రాల కుర్చీలోని ఆవిడ వంక, వాచిన ఆమె కాళ్ల వంక చూశాడు.

"ఆసుపత్రికా అమ్మా?"

"కాక? షికారుకు తిప్పుతారా నన్ను?" అందావిడ.

ఆయన నవ్వాడు. కాసేపు స్టీరింగు మీద చేయి ఉంచి, దిగిపోయాడు. తనకేమీ తొందర లేదన్నాడు.

"ఈ తలుపు లాగి కొడితే పడదు బాబూ. కాస్త పైకెత్తి మూయాలి. లోపల పడుకున్నవాళ్లు లేవరు."

సంచి సీట్లోనే ఉండిపోయింది. ఓక్‌హి పిలిస్తే, ఉంచుకోమన్నట్టు చేయి ఊపి, బస్సు ఆగేచోటికి నడిచాడు.

"ఇవాళ్టి నుంచి తాగుడు మానేశాడు కాబోలు," అన్నాడు దోసిక్.

సాయంత్రం ఆ వ్యానులోనే ఇంటికి వచ్చారు. దారిలో తల్లి నిద్రపోయింది. అద్దం సరిచేసుకోవడం మరిచిన దోసిక్‌కు దారంతా ఆమె ముఖమే కనిపించింది.

ఇంటి ముందు లేచి, ఆవిడ సంచిలోంచి చేప తీసింది. దానికి తెల్లదారం పొందికగా చుట్టి ఉంది.

"ఒరేయ్, నంజుకునే చేపకు దారమెవరు చుడతారురా? బండి కొన్నవాడు చల్లగా తిరగాలని లోపల పెట్టుకునేది ఇది. ఆ కల్లు చక్రాల మీద పోయడానికి."

దోసిక్ చేప పట్టుకుని వెనక డిక్కీ తెరిచాడు. అదనపు చక్రం పక్కన పెట్టబోతే చేతికి ఇంకోటి తగిలింది. ఎప్పటిదో, రంగు మారిన ఎండుచేప. అదే చుట్టు. అదే ముడి.

రెండింటినీ పక్కపక్కన పడుకోబెట్టాడు.

ఓక్‌హి అత్తగారిని లోపలికి తీసుకెళ్లింది. దోసిక్ నాలుగు చక్రాల మీదా కల్లు పోసి, తన బండిని తిరిగి కొనుక్కోవడానికి వచ్చిన మనిషి నేర్పినట్టే, తలుపును కాస్త పైకెత్తి చప్పుడు కాకుండా మూశాడు.