భుజం కొలత

లావుపాటి బట్టతల పెద్దమనిషి మళ్ళీ కింద కూలబడ్డాడు.

"చెల్లెమ్మా, కాస్త లేపి పుణ్యం కట్టుకో."

టైలరమ్మకి ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న ఇసుక మూట దించి కోచమ్మాయి వైపు గుర్రుగా చూసింది.

"జిమ్ములో ఇంతమంది ఉండగా ఈయనకి నేనే దొరికానా?"

"మీరే దగ్గర్లో ఉన్నారు కదండీ. లేపండి," అంది కోచమ్మాయి.

అసలు ఆవిడ ఇక్కడికి వచ్చింది కండలు పెంచుకోడానికి కాదు. పక్షవాతంతో ఎడమపక్క చచ్చుబడిన మొగుడు ఓ రోజు మంచం పక్కన పడిపోయాడు. లేపబోతే నడుం పట్టేసింది. మరిది వచ్చేదాకా ఆయన పక్కనే నేలమీద కూర్చుని ఏడ్చింది.

"ఇంకోసారి ఇలా అయితే అన్నయ్యని కేర్ హోమ్‌లో చేర్పిద్దాం వదినా. నీ వల్ల కాదు," అన్నాడు మరిది.

"ఎందుకు కాదో నేనూ చూస్తా," అంది ఆవిడ.

కోచ్‌ని ఎంచుకోవడంలోనూ ఆవిడ పద్ధతి ఆవిడదే. టేపు ముట్టకుండా కంటిచూపుతోనే కొలత చెప్పేస్తుందని ఆవిడకి పేరు. "పొట్ట వస్తుంది, పోతుంది. నడుం మారుతుంది. భుజం మాత్రం ఎక్కడికీ పోదు," అని షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది.

మొదట వెళ్ళిన జిమ్ములో కోచ్ మాట్లాడినంతసేపూ అద్దంలో తన కండలే చూసుకున్నాడు. చెప్పులేసుకుని వచ్చేసింది.

ఈ జిమ్ములో గోడమీద ఓ పెద్ద ఫోటో కనిపించింది. గెలిచిన కప్పు ఎత్తిపట్టుకున్న కుర్రాడు. ఒత్తైన జుట్టు, తలుపంత భుజాలు.

"నాకు ఈయన కావాలి," అంది టైలరమ్మ, మొగుడి సంగతంతా చెప్పి.

"ఆయన పాఠాలు చెప్పడం మానేశారండీ. నేను చెబుతాను. మీ ఇంట్లో మంచం ఎంత ఎత్తు?" అంది కోచమ్మాయి.

"ఏం, మంచాలు కూడా అమ్ముతావా?"

"మీవారు కుడికాలు గట్టిగా ఆనించగలరా? బాత్రూంకి గడప ఉందా?"

అంతవరకూ ఏ జిమ్ములోనూ ఆవిడ ఇంటి సంగతి ఎవరూ అడగలేదు. ఆ పూటే చేరిపోయింది.

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, ఇసుక మూట గుండెకి హత్తుకుని నడవడం, నిండు బకెట్లు మోయడం. అన్నీ బాగానే ఒంటబట్టాయి. తంటా అంతా ఆ లావుపాటి బస్తా అన్నయ్యతోనే. ఆ పేరు ఆవిడే పెట్టింది. వచ్చిన ప్రతిసారీ ఏదో మూల కూలబడతాడు. ఒకనాడు ఒళ్ళంతా వదిలేస్తాడు. ఇంకోనాడు కంగారుపడి ఆవిడ మెడ పట్టుకుని వేలాడతాడు.

"చెయ్యి పట్టి లాగకు చెల్లెమ్మా, భుజం జారుతుంది. నడుం దగ్గర పట్టుకో."

"లేవలేని మనిషికి సలహాలకేం తక్కువ లేదు!"

ఆ రోజు మాత్రం ఆవిడ ఆయన్ని ఒక్క ఊపులో లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. లేపి ఊరుకుందా, చెడామడా దులిపేసింది.

"జిమ్ముకొచ్చి కూర్చోవడం కాదు, ఆ ఒళ్ళు తగ్గించుకోండి. మీరు ఈ జన్మకి బాగుపడరు."

ఆయన హాయిగా నవ్వాడు. "ఇక నీకు ఢోకా లేదు చెల్లెమ్మా."

ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బాత్రూం గుమ్మంలో మొగుడు జారిపడ్డాడు. చూడ్డానికొచ్చిన మరిది గబగబా ఫోను తీశాడు.

"అది జేబులో పెట్టు. ఆ కుర్చీ ఇటు జరుపు," అంది టైలరమ్మ.

దెబ్బ తగల్లేదని చూసుకుని పక్కన మోకాలు ఆనించింది. మొగుడు బెదిరిపోయి ఆవిడ మెడ పట్టుకున్నాడు. ఆవిడకిది కొత్త కాదు.

"మెడ వదలండి. కుర్చీ పట్టుకోండి."

ఉన్నట్టుండి ఒళ్ళంతా వదిలేశాడు. అదీ కొత్త కాదు. కుడిపక్కకి తిప్పింది, మోకాళ్ళమీదికి తెచ్చింది, కుడిపాదం నేలకి ఆనించింది. నడుం పట్టుకుని, ఊపిరి వదులుతూ కాళ్ళ బలంతో లేచింది. ఆవిడతోపాటు ఆయనా లేచి కుర్చీలో కూర్చున్నాడు.

"నిన్ను చూస్తే భయమేస్తోందే," అన్నాడు మొగుడు.

ఆవిడ మరిది వైపు తిరిగింది. "కేర్ హోమ్ నంబరు ఇంకా ఉందా?"

"తీసేశాను వదినా."

సాయంత్రం పట్టలేని సంతోషంతో జిమ్ముకి వెళ్ళింది. అన్ని మూలలూ ఖాళీగా ఉన్నాయి.

"బస్తా అన్నయ్య ఏడీ?"

"ఊరు మారిపోయారండీ. అక్కడ కొత్త జిమ్ము పెడుతున్నారు. మీరు లేపడం నేర్చేదాకానే ఆగారు. ఇక ఇటు రారు."

"నాకోసం ఆగారా?"

"ఇసుక మూట బెదిరిపోదు, మెడ పట్టుకోదు, దానికి మనిషే కావాలి అనేవారు. తనెవరో తెలిస్తే మీరు మొహమాటపడతారని చెప్పనివ్వలేదు."

"ఆయనకెందుకమ్మా ఈ పాట్లు?"

"ఒకప్పుడు ఎంతెంత బరువులో ఎత్తేవారు. వాళ్ళావిడ ఇంట్లో పడిపోతే మాత్రం కంగారులో చెయ్యి పట్టి లాగేశారు. ఆవిడ భుజం జారిపోయింది, మళ్ళీ కోలుకోలేదు. అప్పట్నించీ ఎత్తడం మానేసి, ఎత్తించుకోవడం మొదలుపెట్టారు."

నిన్న తనన్న మాటలు తల్చుకుంటే టైలరమ్మకి సిగ్గేసింది. ఆయనకి ఒక్క దండమైనా పెట్టలేదు.

కళ్ళు తుడుచుకుని తలెత్తితే ఎదురుగా ఆ ఫోటో.

కుర్రాడికి పొట్ట లేదు, బట్టతల లేదు. అలవాటుకొద్దీ కంటితోనే కొలిచింది, ఇన్నాళ్ళూ తాను తిట్టుకుంటూ లేపిన భుజాలే అవి.